కార్డు ఊళ్లో, బిడ్డ చెన్నైలో

(చెన్నైలో జరిగిన తెలుగువారి సమావేశం ఒకదానిలో, ప్రభుత్వ సర్వీసు నుంచి రిటైరైన పిల్లల వైద్యురాలు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. నిర్వాహకులు ఆహ్వాన పత్రికలో నా అంశాన్ని ‘ప్రపంచ ప్రజారోగ్యంలో బాలల టీకాల ప్రాధాన్యం’ అని అచ్చు వేయించారు. చూడగానే నాకే భయం వేసింది. అంత బరువైన పేరుకు న్యాయం చేయాలంటే జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి ఎవరినైనా రప్పించాలి. నేను సర్వీసంతా ఈ ఊళ్లో పిల్లల జ్వరాలు, విరేచనాలు చూసుకుంటూ గడిపినదాన్ని. అందుకని ప్రపంచం దగ్గర మొదలుపెట్టి మన చెన్నై దక్షిణ శివారు పల్లికరణై దగ్గర దిగుతాను. మధ్యలో గిండీలో కాసేపు ఆగుదాం.

ముందు ప్రపంచం లెక్క. 1974లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాల పిల్లలకూ టీకాలు చేర్చాలని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పటికి ప్రపంచంలో టీకాలు అందుతున్న పసివాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు. యాభై ఏళ్లు నిండాక, 2024లో శాస్త్రవేత్తలు లెక్క తీశారు. ఈ యాభై ఏళ్లలో టీకాలు నిలబెట్టిన ప్రాణాలు 15 కోట్ల 40 లక్షలు. వారిలో 10 కోట్ల మందికి పైగా ఏడాది నిండని పసికందులే. సగటున నిమిషానికి ఆరు ప్రాణాలన్నమాట. ఈ మొత్తంలో 60 శాతం ఒక్క తట్టు టీకా పుణ్యం. తట్టునే కొన్ని ఇళ్లలో పొంగు అంటారు, కొన్ని ఇళ్లలో చిన్నమ్మవారు అంటారు. “వచ్చింది, తనే పోతుంది” అని వేపాకు పరిచి ఊరుకునే జబ్బు. అన్నిటికంటే ఎక్కువ మందిని బతికించింది దాని టీకాయే. దాని సంగతి మళ్లీ చెబుతాను.

సభలో డెబ్బై దాటినవారు చాలామంది కనిపిస్తున్నారు. ఇంటికి వెళ్లాక మీ జబ్బ చూసుకోండి. గుండ్రటి మచ్చలుంటాయి. అవి మశూచి టీకా మచ్చలు. మీ మనవలకు అవి ఉండవు, ఎందుకంటే 1975 తరవాత మన దేశంలో మశూచి లేదు, 1980 నాటికి ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. ఆ టీకా మన దేశంలో మొదట పడింది 1802 జూన్ 14న, బొంబాయిలో, అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పిల్లకు. అప్పుడు ఫ్రిజ్‌లు లేవు, ఐసు పెట్టెలు లేవు. ఆ పిల్ల చేతి మీద లేచిన పొక్కులోని రసం తీసి ఇంకో పిల్లవాడికి, వాడి నుంచి మరొకరికి, అలా చేతి నుంచి చేతికి అందుకుంటూ ఊళ్లు దాటించారు. మద్రాసుకు కూడా అలాగే వచ్చింది. ఆ పిల్లల్లో చాలామంది పేర్లు చరిత్ర పుస్తకాలకు ఎక్కలేదు.

ఇక గిండీ. విమానాశ్రయానికి వెళ్లే దారిలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీరందరూ చూసే ఉంటారు. 1899లో పెట్టిన సంస్థ. మశూచి టీకా మందు అక్కడే తయారయ్యేది, దూడల చర్మం మీద పెంచి తీసేవారు. ఆ పక్కనే 1948లో బీసీజీ టీకాల ప్రయోగశాల పెట్టారు. క్షయకు వేసే టీకా అది. బిడ్డ పుట్టగానే ఎడమ జబ్బకు వేస్తారు, కొన్ని వారాలకు చిన్న కురుపులా లేచి, చీము పట్టి, మచ్చ పడుతుంది. కురుపు చూసి కంగారుపడి పసుపు రాసుకొచ్చిన తల్లులను ఎంతమందిని చూశానో! దానికి ఏమీ రాయకూడదు. దాని పని అది చేసుకుంటుంది.

ఆ బీసీజీ మీద ఈ ఊళ్లోనే పెద్ద రగడ జరిగింది. రాజాజీగారు ముఖ్యమంత్రి పదవి దిగిన మరుసటి ఏడాది, 1955లో, బీసీజీకి వ్యతిరేకంగా నడుం కట్టారు. ఆరోగ్యంగా ఉన్న లక్షల మంది పిల్లల ఒంట్లోకి బతికున్న సూక్ష్మజీవిని ఎందుకు ఎక్కించాలని నిలదీశారు. దాని మీద చిన్న పుస్తకమే వేశారు. అంతటి మనిషి వద్దంటే వినేవారు ఉండరా? చాలామంది విన్నారు. ఆయనను ఇప్పటి వాట్సాప్ పండితులతో కలిపి తిట్టడం నాకు ఇష్టం లేదు. అడిగినవాడు తన పేరు పెట్టి అడిగాడు, వాదం రాసి అడిగాడు. తరవాత జరిగింది చూడండి. 1968లో చెంగల్పట్టు జిల్లాలో రెండున్నర లక్షల మందికి పైగా జనం మీద బీసీజీని పరీక్షకు పెట్టారు. ఏళ్ల తరబడి వెంట ఉండి చూశారు. ఫలితం వచ్చేసరికి డాక్టర్ల ముఖాలు వాడిపోయాయి. పెద్దవాళ్లకు ఊపిరితిత్తుల్లో వచ్చే క్షయను బీసీజీ ఆపలేదు. ప్రభుత్వం సొమ్ముతో చేసిన పరీక్ష ప్రభుత్వానికే ఎదురు తిరిగింది, అయినా దాచలేదు, అచ్చు వేశారు. మరి ఇప్పటికీ ఎందుకు వేస్తున్నామంటే, పసిపిల్లలకు మెదడు పొరల్లో వచ్చే క్షయ నుంచి, ఒళ్లంతా పాకే క్షయ నుంచి అది కాపాడుతుందని వేరే పరిశీలనల్లో తేలింది కాబట్టి. ఆ మెదడు క్షయ వచ్చిన బిడ్డను వార్డులో ఒక్కసారి చూసినవారు బీసీజీ మాట తేలిగ్గా మాట్లాడరు. టీకాల మీద నమ్మకం ఉంచమని నేను అడిగేది ఈ చెంగల్పట్టు లాంటి పరీక్షలను చూసే. టీకా దేవుడు కాదు, లెక్క చెప్పాల్సిన వస్తువు. చెబుతోంది కూడా.

మన తెలుగువాళ్ల గొప్ప ఒకటి చెప్పుకోకపోతే ఈ సభ ఊరుకోదు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి జబ్బుకు ఒకప్పుడు దిగుమతి టీకా ఒక్కటే గతి. మధ్యతరగతి వాళ్లు కూడా ధర విని వెనక్కి తగ్గేవారు. వరప్రసాద్ రెడ్డిగారు హైదరాబాదులో తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టి 1997లో ఆ టీకాను ఇక్కడే చేసి, దిగుమతి ధరలో చిన్న భాగానికే అమ్మించారు. పసిపిల్లల విరేచనాలకు కారణమయ్యే రోటావైరస్ టీకా సంగతీ అంతే. ఢిల్లీలోని ఎయిమ్స్‌లో పుట్టిన పిల్లల నుంచి 1980లలో తీసిన వైరస్ రకం అది. జబ్బు చేయకుండానే ఆ పిల్లల్లో ఉందని గుర్తుపట్టి దాచారు. దాని మీద ఏళ్లకు ఏళ్లు పనిచేసి హైదరాబాదు భారత్ బయోటెక్ టీకాగా తెచ్చింది. 2016లో ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆఫ్రికా పిల్లలకు వేసే సీసాల మీద కూడా హైదరాబాదు చిరునామా ఉంటుంది. ఇదంతా నిజమే, గర్వపడవలసిందే. ఈ గర్వాన్ని కాసేపు పక్కన పెట్టుకోండి, పల్లికరణై దగ్గర దానితో పని పడుతుంది.

తట్టు దగ్గరికి వస్తాను. ఇంత అంటురోగం ఇంకొకటి అరుదు. టీకా లేనిచోట తట్టు వచ్చిన ఒక్క బిడ్డ నుంచి పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటుకుంటుంది. బిడ్డ గదిలోంచి వెళ్లిపోయినా రెండు గంటల దాకా గాలిలో ఉంటుంది. అందుకే నూటికి తొంభై ఐదు మందికి టీకా పడితేనే అది ఆగుతుంది. తొంభై చాలదు. మన దగ్గర మొదటి డోసు తొమ్మిది నెలలకు వేస్తాం. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉండగా వేస్తే మందు సరిగా పట్టదని ఆగుతాం. అంటే ఆ తొమ్మిది నెలల లోపు బిడ్డకు తన సొంత రక్షణ లేదు. పక్కింటి పిల్లలకు వేసిన సూదే ఆ బిడ్డకు కాపలా. ఇంకొక సంగతి ఈ మధ్యే బయటపడింది. తట్టు తగ్గిపోయాక కూడా, అంతకుముందు వేరే జబ్బుల మీద ఒంట్లో కూడబెట్టుకున్న రక్షణలో కొంత తుడిచిపెట్టుకుపోతుంది. కొందరు పిల్లల్లో పదో వంతు పోతే, కొందరిలో ముప్పాతిక దాకా పోయిందని 2019లో తేల్చారు. తట్టు వచ్చి తగ్గిన పిల్లవాడు ఆ తరవాత న్యుమోనియాతో మళ్లీ మళ్లీ మా దగ్గరికి ఎందుకు వచ్చేవాడో అప్పుడు అర్థమైంది.

పసిఫిక్ సముద్రంలో సమోవా అని చిన్న దీవుల దేశం ఉంది. రెండు లక్షల జనాభా, మన వేళచ్చేరి చుట్టుపక్కల అంత ఉంటుందేమో. 2018 జులైలో అక్కడ తట్టు టీకా వేసిన కొద్ది నిమిషాల్లో ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. ఈ టీకా పొడి రూపంలో వస్తుంది, దానితో వచ్చే శుద్ధమైన నీటితో కలపాలి. అక్కడి నర్సులు నీటికి బదులు, కండరాలను బిగుసుకోనివ్వని మత్తుమందు సీసా కలిపారు. తప్పు సీసాది, టీకాది కాదు. అది తేలడానికి నెలలు పట్టింది. ఈలోగా ప్రభుత్వం టీకా ఆపేసింది. మళ్లీ మొదలుపెట్టినా తల్లులు రాలేదు. ఆ ఏడాది టీకా పడిన పసివాళ్లు నూటికి ముప్పై ఒక్కరే. 2019లో తట్టు ఆ దీవులకు చేరింది. 5,700 మందికి వచ్చింది, 83 మంది పోయారు. వారిలో ఎక్కువ మంది ఐదేళ్ల లోపు పిల్లలు. డిసెంబరులో రెండు రోజుల పాటు ప్రభుత్వం అన్నీ మూసేసింది. టీకా పడనివారు ఉన్న ఇంటి ముందు ఎర్ర గుడ్డ కట్టమంది. నర్సుల బండ్లు ఎర్ర గుడ్డ కనబడిన ఇంటి దగ్గరల్లా ఆగుతూ వెళ్లాయి. నన్ను అడిగితే, అక్కడ పిల్లలను చంపింది మూఢనమ్మకం కాదు. జరిగిన పొరపాటును వెంటనే, అర్థమయ్యే మాటల్లో, జనం కళ్లలోకి చూసి చెప్పేవాళ్లు లేకపోవడం.

మన దగ్గర ఇంత జరగలేదు కానీ, ఆ సెగ తగిలింది. 2017 ఫిబ్రవరిలో తమిళనాడులో, కర్ణాటకలో తట్టుకు, దానిలాగే దద్దుర్లు తెచ్చే రుబెల్లాకు కలిపి వేసే టీకా పెద్ద ఎత్తున మొదలైంది. తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ వేయాలి, బడికి వెళ్లేవారికి బడుల్లోనే. వారం తిరగకుండా ఫోన్లలో పుకార్లు. చదువుకున్న తల్లిదండ్రులే పిల్లల చేతికి “మా అబ్బాయికి వద్దు” అని చీటీ రాసి పంపారు.

అయినా ఒక మాట చెప్పాలి. టీకా అందని పిల్లల గురించి పత్రికల్లో చర్చ వస్తే, వద్దన్నవారి గురించే వస్తుంది. వాళ్లు గట్టిగా మాట్లాడతారు కాబట్టి వినిపిస్తారు. నేను చూసినంతలో వద్దన్నవారి కంటే అందనివారే చాలా ఎక్కువ. 2024లో ప్రపంచం మొత్తం మీద ఒక్క సూది కూడా పడని పసివాళ్లు కోటీ 43 లక్షల మంది. వాళ్ల తల్లుల్లో చాలామంది వాట్సాప్ చదివి మానినవాళ్లు కాదు. ఆ బిడ్డల్లో చాలామంది యుద్ధాలు జరిగేచోట, దారి లేనిచోట, పేరు ఏ జాబితాలోనూ లేనిచోట పుట్టారు. గాజాలో 2024 ఆగస్టులో పాతికేళ్ల తరవాత మొదటి పోలియో కేసు వచ్చింది, పది నెలల బిడ్డకు. చుక్కలు వేయడం కోసం బాంబులను కొన్ని గంటల పాటు ఆపించాల్సి వచ్చింది. సరిగ్గా ఈ సమయంలో, పేద దేశాలకు టీకాలు కొనిపెట్టే ‘గావి’ అనే సంస్థకు డబ్బు ఇవ్వబోమని 2025లో అమెరికా ప్రకటించింది.

ఇక పల్లికరణై. పాత మహాబలిపురం రోడ్డు వెంబడి లేచిన ఎత్తయిన ఇళ్లు చూడండి. పక్కన రేకుల షెడ్లు ఉంటాయి. అందులో ఉండేది చాలాచోట్ల మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు, ఒడిశా వాళ్లు, బిహారు వాళ్లు. ఆ అమ్మాయి పురుడుకు పుట్టింటికి వెళుతుంది. బిడ్డ పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, కామెర్ల సూది ఊళ్లోనే పడతాయి. ఏవి పడ్డాయో రాసిన టీకాల కార్డు ఇస్తారు. రెండో నెలో మూడో నెలో వచ్చేసరికి మేస్త్రీ ఫోను చేస్తాడు, పని ఉంది రమ్మని. బిడ్డను చంకనేసుకుని రైలెక్కుతుంది. కార్డు అత్తగారింట్లో ట్రంకు పెట్టెలో ఉండిపోతుంది. ఇక్కడ నర్సు జాబితాలో ఈ బిడ్డ పేరు ఉండదు, ఎందుకంటే ఇక్కడ పుట్టలేదు. అక్కడ ఊళ్లో ఆశా కార్యకర్త జాబితాలో పేరు ఉంటుంది, బిడ్డ ఉండదు.

ఒకవేళ నర్సే వెతుక్కుంటూ వస్తుంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపుతాడు. లోపలికి వెళితే తల్లి పని మీద నాలుగో అంతస్తులో ఉంటుంది. నర్సు తమిళంలో అడుగుతుంది, ఎన్ని సూదులు పడ్డాయని. షెడ్డు దగ్గర ఉన్న నాయనమ్మ తెలుగులో చెబుతుంది, “పడ్డాయమ్మా, ఊళ్లో పడ్డాయి.” ఏవి పడ్డాయో ఇద్దరికీ తెలియదు. తమిళనాడులో టీకాల రోజు బుధవారం. కూలీలకు సెలవు ఆదివారం. ఒక బుధవారం వెళితే ఒక రోజు కూలి పోతుంది. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ మొదటి సూది పడిన రాత్రి బిడ్డకు జ్వరం వస్తుంది, ఏడుస్తుంది, రేకు గోడకు అవతల పడుకున్నవాళ్లు కసురుకుంటారు. తెల్లారి తల్లి పనికి వెళ్లలేదు. రెండో రోజు కూలి కూడా పోయింది. జ్వరం వస్తుందని, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుందని, పారాసిటమాల్ చుక్కలు ఎన్ని వేయాలో ముందే తెలుగులో చెప్పి ఉంటే రెండో సూదికి వచ్చేది. చెప్పకపోతే రాదు. ఆ తల్లిని అజ్ఞాని అనడానికి నాకు నోరు రాదు.

టీకా తయారయ్యేది మన హైదరాబాదులో. వేయించుకోవాల్సింది మన శ్రీకాకుళం బిడ్డ. మధ్యలో ఒక గేటు, ఒక భాష, ఒక రోజు కూలి.

ఇది జరగని పని కాదు. పోలియోను మనం పంపించింది ఇలాంటి వాళ్లను వెతికే. చుక్కలు వేసిన బిడ్డ ఎడమ చేతి చిటికెన వేలికి సిరా పెట్టేవారు, గుర్తుందా? గోడ మీద సుద్దముక్కతో రాసేవారు కూడా. అందరికీ వేసిన ఇంటికి ‘పి’, ఎవరైనా మిగిలిపోయిన ఇంటికి ‘ఎక్స్’. సాయంత్రం పర్యవేక్షకురాలు ‘పి’ ఇళ్ల లెక్క చూసి మెచ్చుకునేది కాదు, ‘ఎక్స్’ ఇళ్లు ఎన్ని, మళ్లీ ఎప్పుడు వెళతావని అడిగేది. రైల్వే స్టేషన్లలో, బస్టాండుల్లో, ఇటుక బట్టీల్లో నిలబడి వేశారు. దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో బయటపడింది. 2014 మార్చిలో మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతమంతా పోలియో లేనిదని ధ్రువపత్రం ఇచ్చారు. మామూలు టీకాలకు ఆ ‘ఎక్స్’ రాసే అలవాటు మాత్రం అంత గట్టిగా రాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అన్ని టీకాలూ పడిన పిల్లలు నూటికి 76 మంది. అంతకుముందు సర్వేలో 62. పెరిగింది, కాదనను. నాకు ఆ మిగతా 24 మీదే ధ్యాస.

నా ఉపన్యాసం ఇంతే. ప్రశ్నలు అడగండి.

*ఒక శ్రోత: ప్రభుత్వ కేంద్రంలో వేసేది, ప్రైవేటులో డబ్బు పెట్టి వేయించేది ఒకటేనా?*

చాలావరకు ఒకటే, అవే కంపెనీలు. ప్రైవేటులో ‘నొప్పి లేని సూది’ అంటారే, తేడా అక్కడ ఉంది. ఆ సూదిలో కోరింత దగ్గును ఆపే టీకా మందు రెండు రకాలు. ప్రభుత్వం వేసేదానిలో సూక్ష్మజీవిని చంపి మొత్తంగా వాడతారు. జ్వరం, వాపు కాస్త ఎక్కువ. ఖరీదైనదానిలో దాని ముక్కలే వాడతారు. బిడ్డ తక్కువ ఏడుస్తుంది, కానీ రక్షణ త్వరగా తగ్గుతుంది. నా మనవరాలికి నేను ప్రభుత్వ సూదే వేయించాను. మందు చల్లదనం గురించి అనుమానం ఉంటే సీసా చూపించమని అడగండి. మూత మీదో చీటీ మీదో ఒక వలయం, దాని మధ్యలో చిన్న చతురస్రం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ చతురస్రం ముదురు రంగుకు తిరుగుతుంది. వలయం కంటే లేతగా ఉన్నంతవరకు మందు మంచిదే. నర్సు ఏమీ అనుకోదు, అడిగినందుకు సంతోషిస్తుంది.

*ఇంకొక శ్రోత: తట్టు టీకాతో ఆటిజం వస్తుందని మా అమ్మాయి భయపడుతోంది డాక్టరుగారూ. అమెరికాలో ఉంటుంది.*

1998లో లండన్‌లో ఒక డాక్టరు పన్నెండు మంది పిల్లలను చూసి రాసిన వ్యాసం అది. తప్పుడు వివరాలతో రాశాడని తేలి 2010లో ఆ పత్రిక వెనక్కి తీసుకుంది, ఆయనను వైద్యుల జాబితా నుంచి తీసేశారు. తరవాత డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లలను ఏళ్ల తరబడి చూశారు. టీకా పడినవారిలో ఆటిజం ఎక్కువ లేదు. 2025లో టెక్సాస్‌లో తట్టు వచ్చి ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఇద్దరికీ టీకా పడలేదు. మీ అమ్మాయికి ఈ రెండూ చెప్పండి. కోప్పడవద్దు. బిడ్డ మీద ప్రేమతోనే అడుగుతోంది.

*మరొక శ్రోత: నేను సైటు సూపర్‌వైజర్నమ్మా. మా దగ్గర పన్నెండు కుటుంబాలు, పిల్లలు ఉన్నారు. కార్డులు ఎవరి దగ్గరా లేవు. ఏం చేయమంటారు?*

మీరు వస్తారనే చూస్తున్నాను, బాబూ! ముందు కార్డు లేదని ఆగవద్దు. కార్డు లేకపోయినా సూది వేస్తారు, డబ్బు తీసుకోరు. ఒక డోసు తప్పిపోతే మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు, ఆగిన దగ్గర నుంచి వేస్తారు. వేశారో లేదో తెలియకపోతే మళ్లీ వేసినా హాని లేదు. తట్టు టీకా ఐదేళ్ల దాకా వేయించవచ్చు. మామూలు జలుబు, కొద్దిపాటి విరేచనాలు ఉన్నా వేయవచ్చు. ఊరికి ఫోను చేయించి, ట్రంకు పెట్టెలో కార్డు తీయించి, ఫోటో పంపమనండి. ఆ ఫోటో మీ ఫోనులో కూడా ఉంచుకోండి, వాళ్ల ఫోన్లు తరచూ మారిపోతాయి. తరవాత మీ వార్డు ఆరోగ్య కేంద్రానికి వెళ్లి ఇంతమంది పిల్లలున్నారని చెప్పి, వారినే సైటుకు రమ్మని అడగండి. ఒకేచోట అంతమంది దొరుకుతారంటే వస్తారు. వచ్చిన రోజు వాచ్‌మన్‌కు ముందే చెప్పి పెట్టండి. సూది వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టాలి, ఆ అరగంట తల్లుల కూలి కోయకండి. నర్సుకు తెలుగు రాకపోతే నాకు ఫోను చేయండి, పక్కన నిలబడి చెబుతాను.